ముల్లు వాలిన వైపు

"ఆ కంచంలో బోల్టులు పోస్తావేంటి సంజీవరావూ? అది నేను తినే కంచం" అంది హన్నా.

"కడిగితే పోదా?" అంది జీవరత్నమ్మ, కొడుక్కి తగలబోయిన మాటకి తను అడ్డం వస్తూ. "అదేమన్నా వెండి కంచమా, సత్తుదేగా."

"కిరసనాయిలు వాసన ఒక పట్టాన పోదత్తయ్యా. అన్నంలో వస్తుంది."

"వస్తే ఆకులో తిను. ఎటూ రేపు మీ నాన్న వస్తున్నాడు, పొయ్యేదానివి. పొయ్యేదానికి కంచం గొడవెందుకే?"

ఆ మాటకి సంజీవరావు తలెత్తలేదు. గోడవారన గొంతుక్కూర్చుని బోల్టులు ఒక్కొక్కటే కంచంలో పడేస్తున్నాడు, టంగు టంగుమని. వాడిది ఎప్పుడూ ఆ పద్ధతే. గొడవ తన వల్ల మొదలైనా సరే, తీర్పు చెప్పేది వాళ్ళమ్మ, అనుభవించేది వేరొకరు. హన్నా పైటకొంగు బొడ్లో దోపుకుని వంటింట్లోకి వెళ్ళబోయింది. ఆదివారం కోడికూర పొయ్యి మీద ఉడుకుతోంది. ఆరాధన నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా పొయ్యి రాజేసింది. గుమ్మం దాటకముందే వెనకనుంచి పిలుపు, "వదినా, కాస్త వచ్చి ఎక్స్‌లేటరు పట్టుకుంటావా, నేను కింద చూడాలి" అని. పట్టుకోకేం? పొయ్యేది రేపు కదా. ఇవాళ్టికి ఈ ఇంట్లో కూలికి ఉన్నట్టే. నిప్పులు వెనక్కి లాగి, మూత పెట్టి, చెయ్యి తుడుచుకుని వచ్చి బండి పక్కన నిలబడింది. ఏడాది తర్వాత ఆ బండి హ్యాండిలు మీద చెయ్యి వేయటం అదే మొదలు. రబ్బరు చల్లగా ఉంటుందనుకుంది. ఎండకి వెచ్చగా, మనిషి ఇప్పుడే చెయ్యి తీసినట్టుగా ఉంది.

మిలిటరీ వాళ్ళు ఎప్పుడో వేలం వేసిన ఇంగ్లీషు బండి అది. పెట్రోలు ట్యాంకు నల్లరంగు లేచిన చోటల్లా అడుగున ఆకుపచ్చ కనిపిస్తుంది. సొలొమోను ఇరిగేషన్లో ఓవర్సీరు. కాలవ గట్ల మీద తిరగాలంటే ఇట్లాంటి ఇనప గుర్రమే కావాలనేవాడు. పెళ్ళైన కొత్తలో భవానీపురం వీధిలోకి దీని చప్పుడు రాగానే పక్కింటి మాణిక్యమ్మ "మీ ఆయన అమ్మవారి కొండ దగ్గరుండగానే నీకు తెలిసిపోతుందే హన్నా" అని నవ్వేది. అతను పోయాక మెకానిక్కు ముందు చక్రం, లైటు అద్దం కొత్తవి వేసి తెచ్చి గోడవారన నిలబెట్టి పోయాడు. మిగతాదేదీ ఎవరూ ముట్టుకోలేదు. గోనెపట్టా కప్పారు. ఒక కోడి దాని సీటు మీద పొదగటం మొదలుపెట్టింది. జీవరత్నమ్మ దాన్ని తరమనివ్వలేదు. ఇప్పుడా కోడీ లేదు. గన్నవరం నుంచి ఎవరో ఆయన సాయంత్రం వచ్చి బండి చూసుకుంటానన్నాడు. లైటు వెలగాలి, అదొక్కటే ఆయన షరతు. ఊరవతల చీకటి రోడ్లండీ, లైటు లేని బండి నాకెందుకండీ, అన్నాడట. అదేదో చాలా తెలివైన మాటైనట్టు జీవరత్నమ్మ వచ్చి వంటింట్లో చెప్పింది, హన్నా ముఖం చూస్తూ.

కిక్కు కొట్టగా కొట్టగా బండి అందుకుంది. నేల అదిరింది. బావి గిలక మీది కాకి లేచిపోయింది. కొత్తగా ఛార్జి చేయించి తెచ్చిన బ్యాటరీ పెట్టాడు కాబట్టి స్విచ్చి తిప్పగానే పట్టపగలు కూడా లైటు పచ్చగా వెలిగింది. "కొంచెం పెంచు వదినా" అన్నాడు. పెంచింది. లైటు వెనక, దాని రేకు డిప్ప పైన, గుండ్రటి అద్దంలో సన్నటి ముల్లు. దాన్నే చూస్తూ నిలబడింది. చూడటం నేర్పింది సొలొమోనే. ఇట్లాంటి ఆదివారమే, ఇదే గోడ. "ముల్లు ఎడమకి వాలితే బ్యాటరీ తినేస్తున్నారన్నమాట, కుడికి వాలితే పెడుతున్నారన్నమాట." మరి మధ్యలో నిలబడితే? "మీ అత్తగారు కునుకు తీస్తున్నట్టు." పెద్దగా నవ్వాడు, లోపల జీవరత్నమ్మ వింటుందేమోనని మళ్ళీ తనే నోరు మూసుకున్నాడు. వింతేమిటంటే హన్నాకి అతని నవ్వు గుర్తుంది గాని పళ్ళు ఎట్లా ఉండేవో గుర్తు రాదు. కళ్ళు మూసుకుంటే శవపేటికలో దూది పెట్టిన ముఖమే వస్తుంది, ఆ ముఖానికి నోరు మూసే ఉంటుంది. ఇంజను గట్టిగా అరుస్తోంది. ముల్లు ఎడమకే వాలి ఉంది. ఇంకా పెంచింది. కుడికి రాలేదు. తింటోంది. పెట్టేవాడు లేడు.

"వైరేదో తెగుంటుంది" అన్నాడు సంజీవరావు, ఇంజను ఆపి. సీటు కిందనుంచి వైర్లు లాగాడు, బ్లేడుతో గీకాడు, మళ్ళీ ముడేశాడు. మళ్ళీ కిక్కు, మళ్ళీ ఎక్స్‌లేటరు. ముల్లు అక్కడే. "కటౌటయ్యుంటుంది" అని, డైనమో కరెంటుని బ్యాటరీకి వదిలే సీటు కింద నల్లపెట్టె మూత ఊడదీసి, లోపల రాగి నాలికల మధ్య ఉప్పుకాగితం పెట్టి సుతారంగా రాశాడు. మళ్ళీ ముల్లు అక్కడే. "బ్యాటరీకి ఎర్తు సరిగ్గా లేదేమో." అదీ విప్పాడు, బిగించాడు. నుదుటి చెమట ముక్కు మీదుగా కారి నేల మీద పడుతోంది. హన్నా అతని మెడ వెనక ఎముకలు చూస్తూ అనుకుంది, పాలిటెక్నిక్కులో ఇన్నేళ్ళు చదివినవాడు, ఇంటింటికీ రేడియో బాగుచేస్తానని తిరిగినవాడు, డైనమో వంక మాత్రం చూడడేం? కరెంటు పుట్టేది అక్కడ. ఇంజను పక్కన, చేతికి అందేచోట, పొట్టి గొట్టంలాగా ఉంది కదా. ఇంట్లో ఏదో పోయినప్పుడు గది గదీ వెతుకుతూ ఒక్క పెట్టె దగ్గరికి మాత్రం పోనివాడికి ఆ పెట్టెలో ఏముందో తెలిసే ఉంటుంది. ఆ తలపు రాగానే దాన్ని తోసేసింది. తోసేసినా పోలేదు, ఈగలాగా మళ్ళీ వచ్చి వాలింది. ఈ ఏడాదిలో వాడు తన కళ్ళలోకి చూసి మాట్లాడింది ఎన్నిసార్లు? వాళ్ళమ్మ హన్నాని అనరాని మాటలంటుంటే, "ఊరుకోవే అమ్మా" అని ఒక్కమాట అనటానికి నోరెందుకు రాలేదు? జాలి లేక కాదు. వాడికి జాలి ఉంది, అది కూడా చూసింది. సమాధి పెట్టినరోజు మన్ను వేస్తూ వేస్తూ మూర్ఛపోయాడు. అందరూ అన్నంటే ఎంత ప్రేమో అన్నారు.

"నా బిడ్డని ఆ రాత్రి రోడ్డెక్కించింది నువ్వే." ఈ మాట ఈ ఇంట్లో ఉప్పు ఎంత వాడతారో అంత వాడారు. పొద్దున కాఫీలో, సాయంత్రం ప్రార్థనలో. ప్రార్థనలో అయితే పేరెత్తేది కాదు జీవరత్నమ్మ, "ప్రభువా, తొందరపాటు గల నాలుకల నుంచి మమ్మల్ని కాపాడు" అనేది. ఆమెన్ అనాల్సింది హన్నా కూడా. అనేది. ఎందుకంటే కబురు చేసింది నిజమే. అప్పుడు జై ఆంధ్ర గొడవలు. బస్సులు తిరిగితే తిరిగేవి, లేకపోతే లేదు. హనుమాన్ జంక్షన్లో పుట్టింటికి వెళ్ళి నాలుగు రోజులు ఉందామనుకున్నది, రెండోరోజుకే మనసు నిలవలేదు. అన్నయ్య భార్య ఏదో అంది, ఏమందో ఇప్పుడు గుర్తే లేదు, గుర్తుండాల్సినంత పెద్దమాట కాదు. రోడ్డు మీద ఆగిన లారీ డ్రైవరుతో కబురు పంపింది. భవానీపురంలో ఓవర్సీరు గారింట్లో చెప్పు, ఈ రాత్రికే వచ్చి తీసుకెళ్ళమన్నానని చెప్పు. ఈ రాత్రికే. రేపు పొద్దున అని ఉంటే? నోటి చివర ఉన్నది ఆ మాటే. రేపు అందామనుకుని, రేపంటే రేపటికీ రాడులే అనుకుని, రాత్రికే అంది. ఆ ఒక్కమాట మింగలేక ఏడాదిగా అన్నం మింగుతోంది. ఎదురుచూస్తూ కూచున్న అరుగూ, ఆ చీకటీ, దూరం నుంచి వినవచ్చిన చప్పుడూ. నిజంగానే విన్నది. గుర్తుపట్టి లేచి నిలబడింది, జడ సర్దుకుంది. చప్పుడు దగ్గరికి వచ్చింది. వెలుగు మాత్రం రాలేదు. వెలుగు రాలేదేమిటా అనుకునేలోపు చప్పుడూ ఆగిపోయింది.

సొలొమోను గుద్దుకున్న గడ్డిబండి తోలుకొస్తున్న ముసలాయన పోలీసులకి అదే చెప్పాడు. "లైటు లేదండీ బాబూ, చప్పుడొక్కటే వచ్చిందండీ. నేనెటు తప్పుకునేదండీ." ఎవరూ నమ్మలేదు. బండికి లాంతరు కట్టని తన తప్పు కప్పిపుచ్చుకోవటానికి చెబుతున్నాడన్నారు. అద్దం పగిలి లైటు ముక్కలైంది కాబట్టి ముందు వెలిగిందో లేదో ఎవరికి తెలుసు? హన్నాకి తెలుసు, ఆమె చప్పుడొక్కటే విన్నది. కానీ ఆమె మాట పట్టించుకున్నవాళ్ళు లేరు. లైటు లేకపోతే ఇంజనెట్లా నడుస్తుందమ్మా అన్నాడు ఒక పెద్దమనిషి. నడుస్తుంది. ఈ బండికి నడుస్తుంది. సొలొమోను ఆ సంగతి ఎంత గొప్పగా చెప్పేవాడో. "మామూలు బండి కాదు హన్నా ఇది, మాగ్నెటో బండి. నిప్పుకి నిప్పే, దీపానికి దీపమే. దీనికి బ్యాటరీ చచ్చినా, డైనమో చచ్చినా, లైటారిపోయినా ఇంజనుకి తెలియను కూడా తెలియదు, పరిగెడుతూనే ఉంటుంది." అదొక సుగుణమనుకున్నాడు. వేరే బండైతే గన్నవరం దాటకముందే మొండికేసి నిలబడిపోయేది, తిట్టుకుంటూ ఏ చెట్టు కిందో పడుకుని తెల్లారాక వచ్చేవాడు. ఇది మాత్రం యజమానికి కళ్ళు పోయినా కాళ్ళు ఆపలేదు.

"ఏమైందిరా, ఇంకా కాలేదా?" గుమ్మంలోంచి జీవరత్నమ్మ. "ఆయనొచ్చే వేళవుతోంది. దాని చేత గట్టిగా పట్టించు. అటుచూస్తూ ఇటుచూస్తూ నిలబడితే బండి బాగవుతుందా?"

"నేను గట్టిగానే పట్టుకున్నా అత్తయ్యా" అంది హన్నా. "సంజీవరావే డైనమో దాకా రావటం లేదు."

మామూలుగానే అంది. అన్నాక చూసింది, స్పానరు పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం అట్లాగే గాల్లో ఆగిపోవటం. ఇక తప్పదన్నట్టు వాడు కదిలాడు. డైనమో నుంచి రెండు వైర్లూ ఊడదీసి, రెంటినీ కలిపి మెలేసి, చిన్న బల్బు ఒకటి తగిలించాడు. బల్బు రెండో కొస ఇంజను ఇనుముకి ఆనించాడు. ఇదీ ఆమెకి తెలుసు. డైనమో బతికుంటే బల్బు భగ్గుమంటుంది, చచ్చుంటే లేదు. దీనికి బ్యాటరీతో పనిలేదు, కటౌటుతో పనిలేదు. మధ్యవర్తులందరినీ తప్పించి నేరుగా అడగటమే. కిక్కు కొట్టి, "పెంచు" అన్నాడు. పెంచింది. బల్బు గాజులో సన్నటి తీగ నల్లగా, చల్లగా ఉండిపోయింది. ఇంకా పెంచింది. వాడు చాలన్నట్టు చెయ్యి ఊపాడు. వినిపించనట్టు ఇంకా పెంచింది, ఇంజను గొంతు చిరిగేలా, పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసేలా. వాడు తలెత్తి చూశాడు. ఏడాదికి మొదటిసారి కళ్ళలోకి చూశాడు. అప్పుడు వదిలింది.

డైనమో కొసన ఒక రేకు పట్టీ ఉంటుంది. అది జరిపితే లోపల రాగి రేకుల గుండు, దాన్ని రెండువైపులా ఆనుకుని రెండు బొగ్గు బ్రష్షులు, వెనక స్ప్రింగులు. గుండు తిరుగుతుంటే బ్రష్షులు దాన్ని ముట్టుకుని కరెంటు తీసుకుంటాయి. అంతే దాని మర్మం. రెంట్లో ఒకటి ముట్టుకోకపోయినా ఏమీ రాదు. సంజీవరావు ఒళ్ళు అడ్డం పెట్టి పట్టీ జరిపాడు. వీపు వెనకనుంచి హన్నాకి కనిపించకూడదని అడ్డం పెట్టినట్టే ఉంది. కానీ ఆమె నిలబడి ఉంది, వాడు కూచుని ఉన్నాడు. ఒక బ్రష్షు లాగాడు, చదరంగా, నున్నగా, రాగి తీగ తోకతో సరిగ్గానే ఉంది. రెండోవైపు స్ప్రింగు ఎత్తగానే నల్లటి పొడి రాలింది. దాని వెనక వంకరటింకర ముక్క ఒకటి జారి, టంగుమని సత్తు కంచంలో పడింది. చదరం కాదు. ఒకవైపు ఆకురాయితో అరగదీసిన గీతలు, రెండోవైపు గుండ్రం. బలపం తిరగలి కింద పడితే విరిగినట్టు విరిగి ఉంది. తోక లేదు.

గుండ్రంగా ఎందుకుంటుంది బ్రష్షు? ఆ ప్రశ్న ఆమె అడగలేదు, అదే వచ్చింది, వస్తూ వస్తూ బావి దగ్గర బట్టలుతికే బండ మీదికి చూపును లాక్కుపోయింది. బండ మీద మూలగా నల్లమచ్చ ఇప్పటికీ ఉంది. ఆ వారం, తను పుట్టింటికి వెళ్ళే ముందురోజు, బండ నిండా నల్లటి ముద్ద. కాటుకా కాదు, బొగ్గూ కాదు, చేతికి అంటితే సబ్బుకి పోని నలుపు. ఎవరి పనో తెలియక కొబ్బరిపీచు పెట్టి తోమింది, తోముతుంటే గోళ్ళు అరిగాయి. "బండ మీద ఏం పెంట చేశావే?" అని జీవరత్నమ్మ. ఆ సాయంత్రమే జీవరత్నమ్మ టార్చిలైటులో ఒక సెల్లు కనిపించలేదు. అదీ హన్నా మీదికే వచ్చింది. "పుట్టింటికి పోతూ పోతూ సెల్లు కూడా మూట కట్టావా?" అంటే సొలొమోను నవ్వి, పోనీలేమ్మా ఇంకోటి కొందాం అన్నాడు. సెల్లు పగలగొడితే నడుమ నల్లటి పొడి, ఆ పొడి నడుమ వేలెడు బొగ్గుపుల్ల, గుండ్రంగా. పిల్లలు గోడల మీద గీతలు గీస్తారు దాంతో. ఆకురాయితో రెండుపక్కలా రాస్తే బ్రష్షు సందులో పట్టేంత అవుతుంది. ఒక రోజు పట్టుకుంటుంది. రెండు రోజులు పట్టుకుంటుంది.

ఆ రోజు దుకాణాలు తెరిచే ఉన్నాయి. గొడవల్లో అన్నిరోజులూ మూయలేదు. ఆ రోజు తనే గవర్నరుపేట వెళ్ళి జాకెట్టు గుడ్డ తెచ్చుకుంది. "బ్రష్షు అరిగిపోయిందిరా, కొత్తది తెచ్చి వెయ్యి" అని అన్న తమ్ముడికి చెప్పి ఆఫీసుకి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి, "వేశావా?" "వేశానన్నయ్యా, కొత్తది, ఒరిజినల్." "శభాష్." వెన్ను తట్టాడు. హన్నా అప్పుడు వాళ్ళిద్దరికీ కాఫీ తెచ్చి ఇస్తోంది. వాడి గోళ్ళ సందుల్లో నలుపు చూసింది కూడా. చూసి ఏమనుకుంది? పాపం కష్టపడ్డాడు, ఇంకో చుక్క పోద్దాం అనుకుంది. ఇంకో చుక్క పోసింది.

ఎండలో నిలబడి హన్నా జరిగినదాన్ని నిదానంగా, పప్పులో రాళ్ళు ఏరినట్టు ఏరుకుంది. దుకాణానికి నడిచివెళ్ళే బద్ధకమో, చూశావా నేనే చేశానని లోలోపల మురిసిపోయే గొప్పో, రెండిట్లో ఏదైతేనేం. మనిషిని చంపటానికి పెద్ద కోపం అక్కర్లేదని తెలుస్తోంది. పగ అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం బద్ధకం చాలు. కానీ ఇంకొకటి కూడా అక్కడే ఉంది, ఏరుతుంటే చేతికి తగిలింది. గన్నవరం దగ్గరికి వచ్చేసరికే లైటు పసుపుపచ్చగా తిరిగి ఉంటుంది. ముల్లు ఎడమకి వాలిపోయి ఉంటుంది. ముల్లు చదవటం అతనికి రాదా, తనకి నేర్పినవాడికి? చదివి కూడా ఎందుకు ఆగలేదు? బ్రష్షు కొత్తది కదా, వైరేదో వదులై ఉంటుంది, దగ్గరికి వచ్చేశాం కదా అనుకున్నాడా, లేక ఈ రాత్రికే అన్నది కదా హన్నా, రాత్రి దాటితే మాట పడాలి అనుకున్నాడా? రెంట్లో ఏది ఎంత? ఏ టెస్టు బల్బు తగిలించి చూడాలి దీన్ని? ఎప్పటికీ తెలియదు. ఇన్నాళ్ళూ ఈ తెలియకపోవటం మొత్తం తన ఒక్కదాని మీదే పెట్టారు. ఇప్పుడు మోయటానికి ఇంకో భుజం దొరికింది. ఆ ఆలోచనకి ఏడుపు రావాలి. రాలేదు. కడుపులో ఎక్కడో చల్లగా అయింది, ఎండలోంచి వచ్చి కుండనీళ్ళు తాగినట్టు. తనకే భయమేసింది ఆ చల్లదనానికి. తర్వాత అలవాటైంది.

జీవరత్నమ్మ దగ్గరికి వచ్చింది. సంజీవరావు గబుక్కున మసిగుడ్డ తీసి కంచం మీద వేశాడు.

"ఏంట్రా నాయనా తంటా?"

"ఏం లేదమ్మా. బ్రష్షులు కొత్తవే, అప్పట్లో నేనేసినవే. చెక్కుచెదర్లేదు. వైరు ఒకటి ఊడిపోయింది, అంతే. బిగించేశా."

"నువ్వు వేస్తే ఇంకేం, నిలబడుతుంది. మా అబ్బాయి చెయ్యి" అంది జీవరత్నమ్మ, ఎవరితోనో చెబుతున్నట్టు. వాడు రేకు పట్టీ మూసేశాడు. ఖాళీగా ఉన్న సందు లోపలే ఉండిపోయింది. లేచి స్విచ్చి తిప్పాడు. నిండు బ్యాటరీ మీద లైటు ధగధగా వెలిగింది. "చూడు, ఎంత వెలుగో" అన్నాడు. జీవరత్నమ్మ చేతులు జోడించింది. "నా పెద్దకొడుకు కళ్ళు తెరిచినట్టుందిరా" అని కొంగు కళ్ళకి అద్దుకుంది. ఆవిడకి ముల్లు చదవటం రాదు. ముల్లు ఎడమకి వాలి ఉంది, లైటు బ్యాటరీని తింటోంది. గన్నవరం ఆయనకీ రాదనే సంజీవరావు ధీమా. ఇంటికి వెళ్ళేదాకా వెలుగుతుంది, ఆ తర్వాత ఎవరి చీకటి వాళ్ళది. వాడు ఈ పని మొదటిసారి చేసినప్పుడు తెలియక చేశాడు. ఇప్పుడు తెలిసి చేస్తున్నాడు. ఈ తేడాని హన్నా జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంది. ఇంతకుముందు లోపల కాస్త మెత్తబడ్డ చోటేదైనా ఉంటే, అక్కడ గట్టిపడింది.

వాడు చేతులు కడుక్కోవటానికి బావి దగ్గరికి వెళ్ళాడు. వెళ్తూ కంచం వైపు చూసుకుంటూనే వెళ్ళాడు. హన్నా వంగి మసిగుడ్డతో సహా కంచం తీసుకుంది.

"అది ఉండనీ వదినా, నేను పారేస్తా" అన్నాడు, చేతుల నిండా సబ్బుతో.

"నా కంచం నేను కడుక్కుంటాలే."

"కడుక్కోనీరా" అంది జీవరత్నమ్మ. "ఇందాకట్నించీ దాని ప్రాణం ఆ కంచం మీదే ఉంది."

బోల్టులు గట్టు మీద పోసి, సబ్బునురుగు కారుతున్న చేతులతో నిలబడ్డ వాడి ఎదురుగానే, ఆమె బొగ్గుముక్కని రెండు వేళ్ళతో తీసి, బండ మీది మచ్చ పక్కన పెట్టి చూసింది. ఒకే నలుపు. తర్వాత దాన్ని కొంగు చివర ముడేసుకుంది. బూడిద పెట్టి కంచం తోమింది, చింతపండు పెట్టి తోమింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కిరసనాయిలు వాసన పోలేదు. పోదని ముందే చెప్పింది.

చెప్పేద్దామా? వంటింట్లో కూర మూత తీస్తూ ఆలోచించింది. ఆవిరి ముఖానికి కొట్టింది. ఇప్పుడే అత్తగారి ముందు ముడి విప్పితే? ఈ ముక్క, ఆ మచ్చ, మీ టార్చిలో పోయిన సెల్లు. ఆవిడ మొదట నమ్మదు, తర్వాత నమ్ముతుంది, నమ్మినరోజు ఒకే పూట ఇద్దరు కొడుకులు పోతారు. అది చాలా పెద్ద శిక్షే. ఆవిడ ఆ శిక్షకి తగినదే. కానీ ఆ తర్వాత? ఆవిడ ఏడుస్తుంది, వాడు కాళ్ళ మీద పడతాడు, పాస్టరు గారు వస్తారు, క్షమించమంటారు, కీర్తన పాడిస్తారు, హన్నా క్షమించాల్సి వస్తుంది. క్షమించి రేపు పుట్టింటికి వెళ్ళిపోతుంది, అదే రోడ్డు పక్కన, ఆ మలుపు రోజూ కనిపించే అరుగు మీద కూచోవటానికి, నిర్దోషిగా. నిర్దోషి అని పుట్టింట్లో ఎవరూ గది ఖాళీ చేసి ఇవ్వరు. చెబితే ఒక్క పూటతో అయిపోతుంది. చెప్పకపోతే ఏళ్ళతరబడి ఉంటుంది. తన మీది నింద తీసేసుకోవటమా, వాడి మెడమీద కత్తి వేలాడదీయటమా, రెండూ ఒకే ముక్కతో కావు. ఆమె ఉప్పు చూసింది. సరిపోయింది.

జీవరత్నమ్మ ప్రార్థన చేసింది. దొరికిన ఆహారానికి, బాగుపడ్డ బండికి, సమయానికి వెలిగిన దీపానికి స్తోత్రాలు చెప్పింది. ఆమెన్ అని హన్నా అందరికన్నా స్పష్టంగా అంది. అత్తగారికి స్టీలు కంచం పెట్టింది. సంజీవరావు ముందు సత్తు కంచం పెట్టింది.

"వాడికి అదేంటే?"

"ఇందాక ఆ కంచం బాగా నచ్చింది కదత్తయ్యా. కడిగా కూడా." వేడి అన్నం వడ్డించింది. వేడికి కిరసనాయిలు వాసన లేచింది. వాడి ముక్కుపుటాలు కదలటం చూసింది. కోడిముక్కలు ఏరి మంచివి వేసింది. కంచం అంచున ఉప్పు పెట్టింది. ఉప్పు పక్కన, కొంగు ముడి విప్పి, ఆ నల్లటి ముక్క పెట్టింది.

"అదేంటి నల్లగా?" అంది జీవరత్నమ్మ, కళ్ళు చికిలించి.

"ఏం లేదు, బండి సామాను. సంజీవరావుదే. పారేసుకుంటాడేమోనని." తనకి ఆకులో పెట్టుకుని కూచుంది. "అత్తయ్యా, బండి అమ్మటం లేదు. గన్నవరం ఆయనొస్తే ఆ మాట చెప్పండి. నేను రేపు మా నాన్నతో వెళ్ళటం లేదు. మా గది మా గదిలాగే ఉంటుంది, నేను నాలాగే ఉంటాను."

జీవరత్నమ్మ నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది. "ఎవరే తీర్మానం చేసింది? ఈ ఇంట్లో నీ మాట..."

"వదిన ఇక్కడే ఉంటుందమ్మా" అన్నాడు సంజీవరావు. తల ఎత్తకుండా, ఉప్పు వైపు చూస్తూ. తల్లి వాడి వంక చూసింది, కోడలి వంక చూసింది, మధ్యలో ఏం జరిగిందో ఆవిడకి అంతుపట్టలేదు.

"మా నాన్న రేపు పొద్దున్నే బయల్దేరతాడు" అంది హన్నా, రసం గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "రానక్కర్లేదని ముందే చెప్పి రావాలి. బస్సెందుకు, బండుందిగా. సంజీవరావు వెళ్ళి చెప్పొస్తాడు. ఎండ చల్లారి చీకటి పడ్డాక బయల్దేరితే హాయిగా ఉంటుంది."

"చీకట్లోనా? ఆ బండి మీదా? ఆ రోడ్డునా?" జీవరత్నమ్మ చేతిలోని ముద్ద కంచంలో పడేసింది. "నీకు మతుండే మాట్లాడుతున్నావా? ఒకణ్ణి పంపించింది చాల్లేదా?"

"భయమెందుకత్తయ్యా? లైటు మీరే చూశారుగా, ఎట్లా వెలిగిందో. బ్రష్షులు కూడా కొత్తవేనని తనే చెప్పాడు. కదా సంజీవరావూ? కొత్తవేగా?"

కొత్తవి కావు అంటే చాలు, వెళ్ళక్కర్లేదు. ఆ మాట తర్వాత రావాల్సిన మాటలన్నీ వాడి గొంతులో వరసగా నిలబడి ఉన్నాయి, ఆమెకి కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె తొందరపెట్టలేదు. రసం పోసింది. వెళ్ళేటప్పుడు వెలుగుతుంది, బ్యాటరీ నిండుగా ఉంది. తిరిగొచ్చేటప్పటి సంగతి ముల్లు చూసుకోవాలి. ముల్లు చదవటం వాడికి వచ్చు.

"వెళ్ళనని చెప్పరా" అంది తల్లి. "నోరు తెరిచి చెప్పరా, నాయనా."

సంజీవరావు అన్నం కలిపాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, కిరసనాయిలు వాసనతో సహా నమిలాడు, మింగాడు.

"వెళ్తాను వదినా" అన్నాడు. "ఎప్పుడు?"

"ఈ రాత్రికే" అంది హన్నా, ఇంకో గరిటె అన్నం అతని కంచంలో వేస్తూ.